టెక్ సందేహాలు: రిలే చిప్ చిరునామా డ్రైవర్‌లో రాయాలా, డివైస్ ట్రీలోనా?

ప్రశ్న: గుర్రంపోడు దగ్గర మా బత్తాయి తోటలో డ్రిప్ వాల్వులను, బోరు మోటారును నడిపే కంట్రోలర్‌ను బీగల్‌బోన్ బ్లాక్ అనే చిన్న కంప్యూటర్ బోర్డుతో తయారు చేస్తున్నాము. కరెంటు పోయి వచ్చినప్పుడు లైనక్స్ లేచేలోపే రిలేలన్నీ ఆఫ్ కావాలని, వాటిని నడిపే ఐ2సీ (రెండు తీగల బస్సు) చిప్‌కు, లైనక్స్ కన్నా ముందు నడిచే యూ-బూట్ బూట్‌లోడర్‌లో డ్రైవర్ రాశాను. చిప్ చిరునామా, పిన్నుల వివరాలు సీ ఫైల్‌లో ఉంచవచ్చా? కాన్ఫిగ్‌లో పెట్టాలా? డివైస్ ట్రీలో రాయాలా?
– ఇంజినీరింగ్ విద్యార్థి, నల్లగొండ

జవాబు: డివైస్ ట్రీలోనే, అంటే బోర్డు మీద ఏ చిప్ ఎక్కడ ఎలా కలిసిందో చెప్పే వివరణ ఫైల్‌లోనే రాయండి. మీ మొదటి బోర్డులో చిప్ చిరునామా కాళ్లన్నీ (పిన్నులన్నీ) గ్రౌండ్‌కు కలిపి ఉన్నాయనీ, హెక్సా లెక్కలో దాని చిరునామా 20 అనీ అనుకుందాం. రెండో విడత బోర్డులో ఒక కాలును 3.3 వోల్టులకు కలిపితే అది 21 అవుతుంది. చిరునామా సీ ఫైల్‌లో ఉంటే ఈ చిన్న మార్పుకే డ్రైవర్‌ను తెరిచి షరతులు రాయాలి, మళ్లీ లైనక్స్ కోసం అదే సంఖ్యను ఇంకోచోట దిద్దాలి. డివైస్ ట్రీలో ఉంటే చిరునామాను చెప్పే 'రెగ్' పంక్తి ఒక్కటే మారుతుంది, డ్రైవర్ జోలికి పోనక్కరలేదు, లైనక్స్ కూడా అదే వివరణను చదువుకుంటుంది.

అయితే అన్నీ అక్కడే కుక్కకూడదు. చిప్‌లో ఎన్ని రిజిస్టర్లున్నాయన్నది చిప్ స్వభావం, ఏ బోర్డు మీద పెట్టినా మారదు. అది డ్రైవర్‌లో, చిప్ రకాన్ని తెలిపే 'కంపాటిబుల్' పేరును సరిపోల్చే పట్టికలో ఉండాలి. చిప్ ఏ బస్సు మీద ఉంది, ఏ రిలే ఏ కాలుకు కలిసింది అన్నవి బోర్డు వైరింగ్ సంగతులు కనుక డివైస్ ట్రీకి చెందుతాయి. కాన్ఫిగ్ పని డ్రైవర్‌ను బిల్డ్‌లో చేర్చాలా వద్దా అన్నదే. వాల్వు ఎన్ని నిమిషాలు తెరవాలన్నది హార్డ్‌వేర్ కాదు, దాన్ని మీ అప్లికేషన్‌కు వదిలేయండి.

యూ-బూట్‌లో ఈ వివరాలను చదవడానికి 'ఆఫ్ టు ప్లాట్' అనే ఫంక్షన్ ఉంది. అందులో చదవడమే చేయండి. చిప్‌కు తొలి ఆజ్ఞ పంపేది, డ్రైవర్‌ను పనిలోకి దింపే 'ప్రోబ్' ఫంక్షన్‌లోనే. యూ-బూట్‌కు మాత్రమే కావలసిన అదనపు గుర్తులుంటే బోర్డు అసలు ఫైల్‌ను చెడగొట్టక, పేరు చివర 'యూ-బూట్' అని ఉండే డీటీఎస్ఐ (డివైస్ ట్రీకి కలిపే) ఫైల్‌లో రాయండి; బిల్డ్ దాన్ని తనంతట తానే కలుపుకుంటుంది.

ఒక చోట మాత్రం ఇబ్బంది ఉంది. డీడీఆర్ (ప్రధాన) మెమరీ లేవకముందు నడిచే ఎస్పీఎల్‌కు, అంటే యూ-బూట్ తొలి చిన్న భాగానికి, ఈ ప్రాసెసర్‌లో దక్కే చోటు సుమారు 109 కేబీ మాత్రమే. అది చాలనప్పుడు 'డీటాక్' అనే పనిముట్టు బిల్డ్ సమయంలోనే డివైస్ ట్రీని సీ స్ట్రక్చర్లుగా మార్చి ఇస్తుంది, అంటే అప్పుడు కూడా మీరు చేత్తో రాసేది డివైస్ ట్రీలోనే. రిలేల పనికి ఎస్పీఎల్ దాకా వెళ్లనక్కరలేదనే నా అభిప్రాయం.

బోర్డు లేచాక కన్సోల్‌లో 'డీఎం ట్రీ' ఆజ్ఞ ఇవ్వండి. మీ డ్రైవర్ పేరుకు ఎదురుగా కూడిక గుర్తు ఉంటే ప్రోబ్ జరిగినట్లే. పేరు ఉండి గుర్తు లేకపోతే నోడ్ (డివైస్ ట్రీలో ఆ చిప్ వివరణ) దొరికింది కానీ ప్రోబ్ విఫలమైంది, లేదా డ్రైవర్‌ను ఇంకా ఎవరూ పిలవలేదు; పిలవకపోతే బోర్డు కోడ్‌లో ఆ పిలుపు చేర్చాలి. ఇవన్నీ సరిగా ఉన్నా, డ్రైవర్ నడిచేలోపు ఆ క్షణాల్లో రిలే కాళ్లకు దిక్కు ఉండదు. మోటారు దగ్గర మనిషి చెయ్యి ఉండవచ్చు కనుక, హై సిగ్నల్‌తో ఆన్ అయ్యే రిలేలైతే ప్రతి కాలుకు గ్రౌండ్ వైపు లాగే రెసిస్టర్‌ను బోర్డు మీదే తప్పక పెట్టండి.