గ్యాస్ట్రిక్ బైపాస్ తర్వాత కాల్షియం మాత్ర ఆపకండి అక్కా

అక్కా, గ్యాస్ట్రిక్ బైపాస్ (బరువు తగ్గడానికి చేసే కడుపు ఆపరేషన్) అయి రెండేళ్లయింది, నడుము లాగుతోంది, రక్తంలో కాల్షియం నార్మల్ వచ్చిందని మాత్రలు ఆపేశానన్నారు. ఆ ఒక్క రిపోర్టు చూసి ధైర్యపడకండి. పేగుల నుంచి కాల్షియం సరిగా అందకపోతే మెడలోని చిన్న గ్రంథుల నుంచి వచ్చే పారాథైరాయిడ్ హార్మోన్ (పీటీహెచ్) పెరిగి, ఎముకల్లోంచి లాగి రక్తంలో లోటు పూడుస్తుంది. రిపోర్టు బాగుంటుంది, ఎముక గుల్లవుతుంది. అందుకే పీటీహెచ్, విటమిన్ డి కూడా చూపించుకోండి. ఎముక ఎంత గట్టిగా ఉందో చూసే డెక్సా స్కాన్‌కి కూడా ఇదే సమయం. భీమవరంలో దొరక్కపోతే రాజమండ్రిలోనో కాకినాడలోనో అడగండి.

మందుల షాపులో ఎక్కువగా ఇచ్చేది కాల్షియం కార్బొనేట్. అది ఒంటికి పట్టాలంటే కడుపులో యాసిడ్ కావాలి, బైపాస్ తర్వాత అదే తక్కువ. అందుకే మీ డాక్టరుగారిని, యాసిడ్ అంతగా అక్కర్లేని కాల్షియం సిట్రేట్ రాయమనండి. మామూలుగా రోజుకు 1200–1500 మి.గ్రా. చెబుతారు, ఒక్కసారికి 500–600 మించకుండా. ఐరన్ మాత్రకీ దీనికీ కనీసం 2 గంటల ఎడం ఉండాలి.

విటమిన్ డికి మన కోనసీమ ఎండ చాలులే అనుకోవద్దు, నీడపట్టున ఉండేవాళ్లకి అది అందదు. చీరమీను, రాగిజావ, పెరుగు తినండి, మంచివే. మాత్రకు బదులు మాత్రం కావు.

నోటి చుట్టూ, వేళ్లలో తిమ్మిర్లు వస్తే రక్తంలో కాల్షియం పడిపోయి ఉండొచ్చు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.