పాత కారుకి ఎయిర్ సస్పెన్షన్ పెట్టించాలనుకునేవాళ్ళ ప్రశ్నలు

ప్రశ్న: సార్, మా నాన్నగారి 1972 అంబాసిడర్ మార్క్ 2 బండిని మొత్తం రిస్టోర్ చేయిస్తున్నాను. ఇంజన్ పని అయిపోయింది, టింకరింగ్ నడుస్తోంది, వచ్చే నెల పెయింటింగ్‌కి పంపాలి. బటన్ నొక్కితే బండి నేలకి ఆనుకుని కూర్చోవాలి, మళ్ళీ నొక్కితే లేవాలి అని నాకు ఎప్పట్నుంచో కోరిక. విజయవాడ ఆటోనగర్‌లో బస్సులకి బెలోలు (స్ప్రింగుల బదులు గాలితో బరువు మోసే రబ్బరు సంచులు) మార్చే మెకానిక్ ఒకాయన చేసిపెడతానంటున్నాడు. పెయింట్ అయ్యాక చేయించనా, ముందేనా?
(ఒక పాఠకుడు, తెనాలి)

జవాబు: చేయిస్తే పెయింట్‌కి ముందే చేయించాలి, అందులో రెండో మాట లేదు. కానీ అసలు చేయించాలా వద్దా అన్నది ఇంకా ముందు తేలాలి, అందుకని బండిని పెయింటింగ్ షెడ్డుకి పంపడం కాస్త ఆపండి.

ఒకసారి బండి కింద పడుకుని ముందు చక్రం దగ్గర చూడండి. అక్కడ కాయిల్ స్ప్రింగ్ కనపడదు. చక్రాన్ని పట్టుకునే కింది ఆర్మ్ నుంచి ఒక పొడుగాటి ఇనుప కడ్డీ వెనక్కి, ఫ్లోర్ కింద అడ్డంగా ఉండే క్రాస్ మెంబర్ దాకా వెళ్తుంది, అదే టార్షన్ బార్. చక్రం గుంతలో పడి లేచినప్పుడల్లా ఆ కడ్డీ మెలితిరిగి మళ్ళీ సర్దుకుంటుంది, అంటే బండి ముందు బరువుని మోసేది ముందు రెక్కల దగ్గరి రేకు కాదు, ఫ్లోర్ కింది ఆ క్రాస్ మెంబర్. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 కోసం ఇంగ్లండ్‌లో గీసిన డిజైనే ఇది, హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళు ఉత్తరపారాలో అదే కొనసాగించారు. ఇప్పుడు మీరు టార్షన్ బార్ తీసేసి ఆర్మ్‌కీ పైన బాడీకీ మధ్య ఎయిర్ బ్యాగు, అంటే ఆ బెలో లాంటి గాలి సంచి, పెట్టారనుకోండి, ఇన్నేళ్ళూ అంత బరువు ఎరగని చోట ఒక్కసారిగా బరువంతా పడుతుంది. అంబాసిడర్‌కి లారీలాగా విడిగా ఛాసిస్ కూడా లేదు, బాడీయే ఛాసిస్. అందులోనూ 50 ఏళ్ళ పైబడిన రేకు, లోపల ఎక్కడెక్కడ తుప్పు తిన్నదో పుట్టీ గీకితే తప్ప తెలీదు. అలాంటి రేకుకి ఒక ప్లేటు వెల్డింగ్ కొట్టి బ్యాగు కూర్చోబెడితే మొదట్లో బాగానే ఉంటుంది, కొన్నాళ్ళకి వెల్డింగ్ చుట్టూ వెంట్రుకంత చీలిక మొదలవుతుంది, డోరు సరిగ్గా పడకపోవడం, స్టీరింగ్ ఒక పక్కకి లాగడం, ఇవన్నీ ఆ తర్వాత వచ్చేవే. సరిగ్గా చేయాలంటే ముందు భాగానికి విడిగా సబ్‌ఫ్రేమ్ (ఇనుప చట్రం) కట్టి దాని బరువుని ఫ్లోర్ దాకా తీసుకెళ్ళి కలపాలి, అంటే సగం బండి మళ్ళీ కట్టినట్టే.

వెనక సంగతి ఇంకోలా ఉంటుంది. వెనక ఉన్నవి కమాన్ కట్టలు, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీల స్ప్రింగులు. చాలామంది కమాన్లు బరువు మోయడానికే అనుకుంటారు, కానీ యాక్సిల్ ముందుకీ వెనక్కీ పక్కకీ జరక్కుండా పట్టుకునేదీ అవే, బ్రేకు కొట్టినప్పుడు యాక్సిల్ తిరగబడకుండా ఆపేదీ అవే. కమాన్లు తీసేసి బ్యాగులు పెడితే గాలి బరువుని మోస్తుంది గానీ యాక్సిల్‌ని పట్టుకోదు కదా. అందుకే యాక్సిల్‌ని బాడీకి కట్టిపట్టే నాలుగు లింకులు (కడ్డీలు) గానీ, ముందుకీ వెనక్కీ జరక్కుండా ట్రెయిలింగ్ ఆర్మ్‌లు పెట్టి పక్కకి జరక్కుండా ఒక పాన్‌హార్డ్ రాడ్ గానీ కట్టాల్సిందే. మీ మెకానిక్‌ని ముందు ఈ ఒక్క ప్రశ్న అడగండి, కమాన్లు తీశాక యాక్సిల్‌ని ఏది పట్టుకుంటుంది అని. చక్కగా గీసి చూపిస్తే మాట్లాడండి, "అదేం పర్లేదండీ" అంటే మాత్రం దండం పెట్టి వచ్చేయండి. బస్సు బెలో అయితే అసలే వద్దు, అది టన్నుల లెక్కన మోయడానికి చేసిన సరుకు, మీ బండి మొత్తం కలిపితే 1100 నుంచి 1200 కిలోలు, అంత తక్కువ బరువుకి ఆ బెలోలో గాలి సరిగ్గా నిండకముందే బండి లేచిపోతుంది, రబ్బరు మడతలు పడి నలిగిపోతుంది.

ఇక చట్టం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చేసిన సవరణలో ఓనర్ అలా మారిస్తే ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా గానీ ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ అని పెట్టారు. మీ బండి విషయంలో నాకు ఇంతకన్నా బాధగా ఉన్న సంగతి ఇంకోటుంది. 50 ఏళ్ళు దాటిన బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇచ్చే రూల్స్ 2021 జులైలో వచ్చాయి, నంబర్‌లో వీఏ అక్షరాలతో వస్తుంది. 1972 బండి వయసు ప్రకారం దానికి సరిపోతుంది. కానీ ఛాసిస్, బాడీ షెల్, ఇంజన్‌లో పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉండాలన్నది షరతు. ఇప్పుడు గ్రైండర్ పెట్టి ముందు భాగం కోసేస్తే ఆ దారి మూసుకుపోయినట్టే.

అందుకని నా సలహా సూటిగా చెప్తున్నా, ఈ బండికి ఎయిర్ సస్పెన్షన్ వద్దు. అదే డబ్బులో కొంత పెట్టి కమాన్ కట్టలు విప్పించి, వంపు తగ్గిన పట్టీలు మళ్ళీ కాల్చి వంపు పెట్టించండి, పట్టీల మధ్య గ్రీజు పెట్టించండి, కమాన్ల చివర ఉండే షాకిల్ బుష్‌లూ పిన్నులూ అన్నీ కొత్తవి వేయించండి, టార్షన్ బార్ వెనక చివర సర్దుబాటు ఉంటుంది, దాంతో రెండు వైపులా ఎత్తు సమానం చేయించండి, షాకబ్జర్లు నాలుగూ మార్పించండి. బుష్‌లు అరిగిపోయిన అంబాసిడర్ మాత్రమే ఎక్కినవాళ్ళకి ఈ బండి అసలు ఎంత మెత్తగా పోతుందో తెలీదు. మీ నాన్నగారు ఆ సీట్లో కూర్చుని ఇది నా బండే అని గుర్తుపట్టాలి కదండీ.

ప్రశ్న: అన్నా, నేను డాలస్‌లో ఉంటా. 1964 షెవీ ఇంపాలా కొన్నాను, ఫ్రేమ్ నుంచి బాడీ విప్పి రిస్టోర్ చేస్తున్నా. ఇక్కడ కిట్లు దొరుకుతాయి, ఫ్రెండ్స్ అందరూ నాలుగు బ్యాగులు తగిలించెయ్, వీకెండ్‌లో అయిపోతుంది అంటున్నారు. ఏ ప్రెషర్‌లో నడపాలి, ఏం చూసుకోవాలి?
(ఒక పాఠకుడు, డాలస్)

జవాబు: తమ్ముడూ, నీ బండి మాత్రం ఈ పనికి పుట్టినట్టే ఉంటుంది. విడిగా ఫ్రేమ్ ఉంది, ముందూ వెనకా కాయిల్ స్ప్రింగులే, కాబట్టి కాయిల్ కూర్చునే చోటే గిన్నె లాంటి బ్రాకెట్ పెట్టి బ్యాగు దింపొచ్చు, బరువు వెళ్ళే దారి మారదు. షెవర్లే కంపెనీయే 1958లో లెవెల్ ఎయిర్ అని ఎయిర్ సస్పెన్షన్ ఆప్షన్ ఇచ్చింది తెలుసా, ఎక్కువమంది తీసుకోలేదు, తీసుకున్నవాళ్ళలోనూ చాలామంది తర్వాత కాయిల్స్‌కి మార్పించుకున్నారు. అంతకు ముందు ఏడాది కాడిలాక్ ఎల్డొరాడో బ్రోమ్‌లో వచ్చింది. అప్పటి రబ్బరూ వాల్వులూ వేరు, ఇప్పటివి వేరు. ఈ బళ్ళని నేలకి దించే సరదా కాలిఫోర్నియాలో మొదలైంది, అక్కడ చక్రం రిమ్ అంచుకన్నా బాడీ కిందికి ఉండకూడదని 1958లో చట్టం తెస్తే కుర్రాళ్ళు హైడ్రాలిక్స్ (ఆయిల్ ప్రెషర్‌తో లేపే ఏర్పాటు) పెట్టుకుని పోలీసు కనపడగానే పైకి లేపేసేవాళ్ళు. ఆ చట్టం 2024 జనవరి 1 నుంచి అక్కడ లేదు, టెక్సాస్ రూల్ వేరే, ఇన్‌స్పెక్షన్, ఇన్సూరెన్స్ సంగతులు నువ్వే అక్కడ కనుక్కోవాలి.

ప్రెషర్‌కి ఎవరో చెప్పిన నంబర్ పట్టుకోకు, లెక్క నీ బండిదే వేసుకో. ఉదాహరణకి ఒక ముందు చక్రం మీద 300 కిలోలు పడుతోంది, బ్యాగు ఆర్మ్ పొడవులో మధ్యకి కాస్త అవతల ఉంది, చక్రం 10 సెంటీమీటర్లు లేస్తే బ్యాగు 6 సెంటీమీటర్లే నలుగుతోంది అనుకుందాం. అప్పుడు బ్యాగు మోసేది 300 కాదు, 300ని 0.6తో భాగిస్తే వచ్చే 500 కిలోలు. బ్యాగులో గాలి పనిచేసే వైశాల్యం 100 చదరపు సెంటీమీటర్లు అయితే చదరపు సెంటీమీటర్‌కి 5 కిలోలు, అంటే దాదాపు 71 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). ఇంకా చిన్న బ్యాగు వేస్తే వందకి పైన పోతుంది, రైడ్ గట్టిగా కొడుతుంది, కంప్రెసర్ ఊరికే తిరుగుతూనే ఉంటుంది. అందుకే బ్యాగు కొనే ముందు నాలుగు మూలలా బరువు తూయించు.

వీకెండ్‌లో అయిపోతుంది అన్న మాట మాత్రం నమ్మొద్దు. పెయింట్ లేని ఫ్రేమ్ మీదే మొత్తం బిగించి, బ్యాగుల్లో గాలి పూర్తిగా తీసి ఒకసారి, నడిపే ఎత్తులో ఒకసారి, పూర్తిగా లేపి ఒకసారి, మూడు ఎత్తుల్లోనూ స్టీరింగ్‌ని ఈ చివర్నుంచి ఆ చివరిదాకా తిప్పి చూడాలి, అదీ నువ్వు వాడబోయే అసలు టైర్లూ రిమ్ములూ వేసి. ఆ టైమ్‌లో బ్యాగు చుట్టూ వేలు పెట్టి తిప్పి చూడు, ఎక్కడా దేనికీ తగలకూడదు, గాలి నిండాక బ్యాగు లావెక్కుతుంది కాబట్టి ఖాళీగా ఉన్నప్పుడు ఉన్న సందు చాలదు, అప్పుడు కూడా కనీసం అర అంగుళం మిగలాలి. సైలెన్సర్ పైపు దగ్గరగా పోతుంటే మధ్యలో హీట్ షీల్డ్ వేయి. బ్రేక్ హోస్‌లు పూర్తిగా లేపినప్పుడు లాగుతున్నాయా అని చూడు, పాత కొలతవి చాలాసార్లు చాలవు. వెనక నీ బండికి ట్రాక్ బార్ ఉంటుంది, యాక్సిల్‌ని పక్కకి జరక్కుండా పట్టేది అదే, కానీ బండి బాగా లేచినా బాగా దిగినా అది వృత్తంలో తిరిగి యాక్సిల్‌ని ఒక పక్కకి లాగుతుంది, టైరు ఒక వైపు ఫెండర్‌కి రాసుకుంటోంది అంటే కారణం అదే అన్నమాట. నడిపే ఎత్తులో బార్ నేలకి సమాంతరంగా ఉండేలా చూసుకుంటే చాలావరకు తగ్గుతుంది. ఇంజన్ తిప్పుడుని వెనక యాక్సిల్‌కి తీసుకెళ్ళే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం కూడా ఆ ఎత్తులోనే సెట్ చేయి, వీల్ అలైన్‌మెంట్ కూడా ఆ ఎత్తులోనే.

గాలి లైన్ల గురించి ఒక్కటి గట్టిగా చెప్పాలి. ఖర్చు తగ్గుతుందని ఎడమ కుడి బ్యాగులు రెండూ ఒకే లైన్‌కి కలపొద్దు. మలుపులో బరువంతా బయటి వైపు పడినప్పుడు ఆ బ్యాగులోని గాలి లోపలి వైపు బ్యాగులోకి పారిపోతుంది, అంటే గట్టిగా నిలబడాల్సిన వైపు మెత్తబడి బండి ఇంకా వాలిపోతుంది. నాలుగు మూలలకీ నాలుగు వాల్వులు పెట్టు. కంప్రెసర్‌కి రిలే, బ్యాటరీ పక్కనే ఫ్యూజ్, ట్యాంక్ అడుగున నీళ్ళు వదిలే కాక్, లైన్‌లో నీటిని పట్టే ఫిల్టర్, ట్యాంకుకి సేఫ్టీ వాల్వ్, వీటిలో ఏదీ వదలొద్దు.

ఇంకోటి, బ్యాగుల మీద లేచి ఉన్న బండి కిందికి ఎప్పుడూ దూరొద్దు. పైపు ఊడినా వాల్వ్ లీకైనా బండి మొత్తం కిందికి వచ్చేస్తుంది, అరిచే టైమ్ కూడా ఉండదు. ఫ్రేమ్ కింద స్టాండ్లు పెట్టి, బ్యాగుల్లో గాలి తీసేసి, అప్పుడే కిందికి వెళ్ళు. గ్యారేజ్‌లో పిల్లలు ఆడుకుంటుంటే రిమోట్ వాళ్ళకి అందనివ్వకు.

ప్రశ్న: న్యూజెర్సీలో ఎయిర్ సస్పెన్షన్ పెట్టి ఉన్న పాత పికప్ కొన్నాను. రాత్రి సమానంగా పార్క్ చేస్తే తెల్లారేసరికి ముందు ఎడమ మూల కూర్చుండిపోతోంది. చలికాలంలో అయితే ఒక్కోసారి అసలు లేవట్లేదు. బ్యాగు మార్చాలా?
(ఒక పాఠకురాలు, ఎడిసన్)

జవాబు: బ్యాగు మార్చే ముందు ఒక స్ప్రే బాటిల్లో సబ్బు నీళ్ళు తీసుకుని బండి లేపి ఉంచి, బయట నిలబడి చెయ్యి చాపితే అందినంత మేర కొట్టండి, కిందికి మాత్రం దూరకండి. ఎక్కువసార్లు లీక్ బ్యాగులో ఉండదమ్మా, పైపు ఫిట్టింగ్‌లోకి దూరే చోట ఉంటుంది, ఎందుకంటే పైపుని కత్తెరతోనో సైడ్ కట్టర్‌తోనో కోస్తే చివర కోడిగుడ్డు ఆకారంలో నొక్కుకుపోయి లోపలి ఓ-రింగ్ (గుండ్రటి రబ్బరు వాషర్) మీద సరిగ్గా కూర్చోదు. దాన్ని లాగేసి ట్యూబ్ కట్టర్‌తో పైపుకి అడ్డంగా, వంకర లేకుండా కోసి మళ్ళీ గుచ్చితే చాలు. అక్కడ బుడగలు రాకపోతే వాల్వ్ బ్లాక్ (వాల్వులన్నీ బిగించి ఉండే దిమ్మ) చూడండి, లోపల చిన్న చెత్త పట్టినా వాల్వ్ పూర్తిగా మూసుకోదు. రబ్బరు మడతల్లో సన్నగా పగుళ్ళు కనపడితే అప్పుడు బ్యాగు మార్చాలి, మారిస్తే ఆ జత రెండూ కలిపి మార్చండి.

చలిలో లేవకపోవడానికి కారణం దాదాపుగా నీళ్ళే. కంప్రెసర్ గాలిని నొక్కినప్పుడు అందులోని తేమ నీళ్ళయి ట్యాంక్ అడుగున చేరుతుంది, మీ దగ్గర చలికి అవి వాల్వుల్లో గడ్డ కడతాయి. చలి మొదలవకముందే ట్యాంక్ మొత్తం ఖాళీ చేయండి, చలికాలమంతా వారానికోసారి కింద కాక్ తిప్పి వదలండి, ఫిల్టర్ లేకపోతే పెట్టించండి.

ప్రశ్న: ఎయిర్ బ్యాగులు పెట్టాక షాకబ్జర్లు తీసేయొచ్చంట కదా?
(ఒక పాఠకుడు, నెల్లూరు)

జవాబు: తీయకూడదు. బ్యాగు స్ప్రింగ్ పని చేస్తుంది అంతే, ఊగుడు ఆపేది షాకబ్జరే, అది లేకపోతే స్పీడ్ బ్రేకర్ దాటాక బండి ఊగుతూనే ఉంటుంది, బ్రేకు కొట్టినప్పుడు టైరు రోడ్డుని వదిలేస్తుంది. పైగా బ్యాగు ఎంతవరకు సాగాలో ఆ హద్దు కూడా షాకబ్జరే పెడుతుంది, అది లేకుండా జాకీ ఎత్తితే యాక్సిల్ వేలాడి బ్యాగు చిరిగిపోతుంది. కొత్త ఎత్తుకి తగ్గ కొలతలో కొత్త షాకబ్జర్లు వేయించాలి, బ్యాగు సాగే హద్దుకన్నా కొంచెం ముందే షాకబ్జర్ ఆగిపోవాలి.