ఎక్కువ పవర్ ఉన్న కన్సోలే గెలుస్తుందా?

పాత వీడియో గేమ్ కన్సోళ్ల పోటీలో హార్డ్‌వేర్ పవర్ ఎక్కువున్నదే గెలిచిందా అని కదా ప్రశ్న. చాలాసార్లు కాదు. సోనీ ప్లేస్టేషన్, నింటెండో 64 సంగతే చూడండి. 1994 చివర్లో జపాన్‌లో వచ్చిన ప్లేస్టేషన్ ప్రాసెసర్ వేగం సుమారు 34 మెగాహెర్ట్జ్. 1996లో వచ్చిన నింటెండో 64ది దాదాపు 94. అయినా ప్లేస్టేషన్ అమ్మకాలు 10 కోట్లు దాటాయి, రెండోది 3.3 కోట్ల దగ్గరే ఆగిపోయింది.

నింటెండో క్యాసెట్‌ని వదల్లేదు, అదీ అసలు సమస్య. అందులో మహా అయితే 64 ఎంబీ పడుతుంది, ప్లేస్టేషన్ వాడిన సీడీలో 650 దాకా. పైగా క్యాసెట్ల తయారీ ఖర్చు చాలా ఎక్కువ. గేమ్ అమ్ముడుపోకపోతే మిగిలిన సరుకంతా దాన్ని చేసిన కంపెనీ నెత్తినే. అప్పటిదాకా ప్రధానంగా నింటెండోకే గేములు చేసిన స్క్వేర్ కంపెనీ, 1997లో ఫైనల్ ఫాంటసీ ఏడో భాగాన్ని మూడు సీడీల్లో ప్లేస్టేషన్‌కి ఇచ్చింది.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది గానీ, ఫలితం మాత్రం గుంటూరులో కళ్ళారా చూశాను. బ్రాడీపేటలో మా బాబాయికి వీడియో గేమ్ షాపు ఉండేది, గంటకింత అని. సెలవుల్లో కౌంటర్‌లో నేనే కూర్చునేవాణ్ణి. నింటెండో 64 తెద్దాం బాబాయ్ అంటే, "క్యాసెట్లు ఎక్కడ దొరుకుతాయో చెప్పరా ముందు" అనేవాడు. ప్లేస్టేషన్‌కి ఆ బాధ లేదు. గొప్పగా చెప్పుకునే విషయం కాదు గానీ, కాపీ సీడీలు లేకపోతే మన ఊళ్ళలో అది ఇంతమందికి తెలిసేదే కాదు. దాని పక్కనే 1983 నాటి నింటెండో కన్సోల్ ఫ్యామికామ్‌కి నకలు టీవీ గేమ్ ఒకటి ఉండేది. రేటు తక్కువ, ఇద్దరు కలిసి కాంట్రా ఆడొచ్చు. ఆ కుర్చీలు ఎప్పుడూ ఖాళీ ఉండేవి కావు.

ఒక్కోసారి పవరే కొంప ముంచుతుంది. 1989లో నింటెండో తెచ్చిన, చేత్తో పట్టుకుని ఆడే గేమ్ బాయ్‌లో రంగుల్లేవు, నాలుగు ఛాయలే. కానీ నాలుగు పెన్సిల్ సెల్స్‌తో పది గంటలకు పైగా నడిచేది. మరుసటి ఏడాది సెగా తెచ్చిన గేమ్ గేర్‌లో రంగుల తెర, వెనక లైటు ఉన్నాయి. ఆరు సెల్స్ వేస్తే నాలుగైదు గంటలకు మించి వచ్చేది కాదు. సెల్స్ ఖర్చు ఎవరు భరిస్తారు?

దానికి ముందు సెగా మాస్టర్ సిస్టమ్‌లో 8 కేబీ ర్యామ్, నింటెండో ఎన్‌ఈఎస్‌లో 2 కేబీ. అమెరికాలో మాత్రం తమకు చేసిన గేమ్‌ని రెండేళ్ళపాటు ఇంకో కన్సోల్‌కి ఇవ్వకూడదని గేమ్ కంపెనీల చేత నింటెండో ఒప్పందాలు రాయించుకుంది. మంచి గేములే దొరకనప్పుడు ర్యామ్ ఏం చేసుకోవాలి? అదే మాస్టర్ సిస్టమ్ బ్రెజిల్‌లో, అక్కడి టెక్‌టాయ్ కంపెనీ చేతిలో, బాగా నడిచింది.

అలాగని పవర్ దండగ అనను. ప్లేస్టేషన్ 2 పవర్ గురించి 1999 నుంచే సోనీ చేసిన హడావుడికి జనం సెగా కన్సోల్ డ్రీమ్‌కాస్ట్ కొనకుండా ఆగారు, 2001లో సెగా దాన్ని ఆపేసింది. మరి ఆ ప్లేస్టేషన్ 2 కన్నా మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ పవర్‌ఫుల్. అది 2.4 కోట్లు అమ్మితే, ప్లేస్టేషన్ 2 మాత్రం 15 కోట్లు దాటింది. డీవీడీలు కూడా ఆడుతుంది, సినిమాలు చూసుకోవచ్చని చెప్పి వాళ్ళ నాన్నల చేత కొనిపించిన పిల్లలు మా లైనులోనే ఉన్నారు.