విమానాశ్రయాల్లో బ్యాగేజీ స్కానర్ల ఇంజినీరు ఉద్యోగం: రాయగడ నుంచి ఒక తండ్రి ప్రశ్న

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. కిరాణా వ్యాపారం చేస్తాను. మా అబ్బాయి గుణుపురంలో ఈసీఈతో బీటెక్ పూర్తి చేశాడు. విమానాశ్రయాల్లో ప్రయాణికుల సామాను తనిఖీ చేసే ఎక్స్‌రే యంత్రాలకు సర్వీసు అందించే ఒక కంపెనీ అతనికి ఉద్యోగం ఇస్తానంటోంది, రెండేళ్ల బాండు అడుగుతోంది. విజయనగరంలో ఉన్న మా బావమరిది మాత్రం సాఫ్ట్‌వేర్ కోర్సు కోసం హైదరాబాదు పంపమంటున్నాడు. ఎక్స్‌రే దగ్గర పని అంటే ఆరోగ్యం పాడవుతుందని మా ఆవిడ భయపడుతోంది. ఇది సెక్యూరిటీ గార్డు తరహా ఉద్యోగమేనా? ప్రభుత్వ విమానాశ్రయ సంస్థలోకి వెళ్లే దారి ఉందా? ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చివరి సంవత్సరం చదువుతున్న మా అమ్మాయికి కూడా ఈ రంగంలో ఏమైనా ఉంటుందా?

జవాబు: ముందుగా మీ అనుమానాల్లో తేలికైనదాన్ని తీర్చేస్తాను. ఇది గార్డు ఉద్యోగం కాదు. మన దేశంలో పెద్ద విమానాశ్రయాల్లో చాలావాటి దగ్గర చేతి సంచులు తనిఖీ చేసే తెర ముందు కూర్చునేది కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం (సీఐఎస్ఎఫ్) సిబ్బంది. విమానం అడుగున వేసే పెద్ద సామాను చూసేది అందుకోసం శిక్షణ పొంది, పౌర విమానయాన భద్రతా సంస్థ బీసీఏఎస్ ధ్రువీకరణ ఉన్న స్క్రీనర్లు. మీ అబ్బాయిని పిలుస్తున్నది ఆ యంత్రం సరిగ్గా చూస్తున్నదో లేదో పరీక్షించి, చెడిపోతే బాగుచేసే పనికి. కనుక దీన్ని ‘ఎయిర్‌పోర్టు ఉద్యోగం’ అన్న మెరుపుతో కాక, ఎలక్ట్రానిక్స్, మోటార్లు, కంప్యూటర్ నెట్‌వర్కు మూడూ కలిసిన మరమ్మతు ఇంజినీరింగ్‌గా చూసి నిర్ణయం తీసుకోవాలని నా అభిప్రాయం.

ఆ పని రోజూ ఎలా ఉంటుందో కొంత వివరంగా చెబుతాను, ఎందుకంటే ఆఫర్ లెటర్‌లో ‘సర్వీస్ ఇంజినీర్’ అన్న మాట తప్ప మరేమీ రాసి ఉండదు. బెల్టు మీద బ్యాగు కదిలి, సీసం కలిపిన రబ్బరు తెరలు దాటి లోపలికి వెళ్లగానే దారిలో ఉన్న లైట్ సెన్సర్ దాన్ని గుర్తిస్తుంది, అప్పుడే ఎక్స్‌రే వెలుగుతుంది. నూనెలో ముంచి మూసిన జనరేటర్ సాధారణంగా 140 నుంచి 160 కిలోవోల్టుల వద్ద పనిచేస్తుంది. బ్యాగును దాటుకొని వచ్చిన కిరణాలను ఎదురుగా వరుసగా అమర్చిన డిటెక్టర్లు తక్కువ శక్తివి, ఎక్కువ శక్తివిగా విడదీసి కొలుస్తాయి. ఆ రెండు కొలతల నిష్పత్తిని బట్టి తిండి పదార్థాలు, ప్లాస్టిక్, కాగితం, పేలుడు పదార్థాల వంటి సేంద్రియ వస్తువులు నారింజ రంగులోనూ, అల్యూమినియం వంటివి ఆకుపచ్చగానూ, ఇనుము, రాగి వంటి లోహాలు నీలంగానూ తెర మీద కనిపిస్తాయి. మన వైపు వాళ్లు పెళ్లి సారెలో పెట్టి పంపే మందపాటి ఇత్తడి బిందె గుండా కిరణాలు తగినంతగా దాటలేక అది నల్లటి ముద్దలా కనిపిస్తుంది, దాని వెనక ఏముందో తెలియక స్క్రీనరు ఆ సంచీని పక్కన పెట్టించి తెరిపిస్తారు.

ఇంజినీరు పని ఆ యంత్రం చూపుతో ముడిపడి ఉంటుంది. సన్నని రాగి తీగలు, మెట్లుమెట్లుగా పేర్చిన ఉక్కు పలకలు బిగించిన ఒక పరీక్ష పెట్టెను యంత్రంలోంచి పంపి, ఏ మందం తీగ దాకా కనిపిస్తోంది, ఎంత ఉక్కు వెనక వస్తువు దాకా తెలుస్తోంది అన్నది నమోదు చేస్తారు. నిన్న కనిపించిన తీగ ఇవాళ కనిపించకపోతే జనరేటర్ బలహీనపడిందా, డిటెక్టర్ బోర్డు ఒకటి పోయిందా, కాలిబ్రేషన్ (కొలతల సరిచూపు) తప్పిందా అని వెతకాలి. బయటికి పెద్ద విశేషంగా అనిపించని లోపాలే ఎక్కువగా వస్తాయి: లైట్ సెన్సర్ మీద దుమ్ము పేరుకుని బొమ్మ సగం కోసుకుపోవడం, బెల్టు ఒక పక్కకు జరిగి అంచులు రాసుకోవడం, రోలర్ మోటార్ వేడెక్కి ఆగిపోవడం, రబ్బరు తెరల్లో ఒక పట్టీ చిరిగిపోవడం. చివరిదాన్ని చిన్న విషయంగా తీసుకోకూడదు, కిరణాలు బయటికి రాకుండా ఆపేది ఆ పట్టీలే.

పెద్ద విమానాశ్రయాల్లో చెకిన్ సామాను కోసం ఇన్‌లైన్ వ్యవస్థ, అంటే బెల్టు మీద వెళుతుండగానే తనిఖీ జరిగే ఏర్పాటు ఉంటుంది. అక్కడ స్కానరు ఒక్కటే కాదు, పొడవైన కన్వేయర్లు, వాటిని నడిపే పీఎల్‌సీలు అనే చిన్న నియంత్రణ కంప్యూటర్లు, బ్యాగు ట్యాగు మీది 10 అంకెల సంఖ్యను చదివే రీడర్లు అన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. మొదటి దశలో యంత్రమే నిర్ణయం చెబుతుంది. అనుమానం వస్తే ఆ బొమ్మ వేరే గదిలోని స్క్రీనరుకు వెళుతుంది. అప్పటికీ తేలకపోతే పై దశల్లో సీటీ యంత్రానికి, చివరికి ప్రయాణికుడి సమక్షంలో తెరిచే చోటికి చేరుతుంది. సీటీ యంత్రంలో ఎక్స్‌రే గొట్టం బ్యాగు చుట్టూ తిరుగుతుంది, అరటి దూటను చక్రాల్లా కోసి ఒక్కో ముక్కనూ పట్టి చూసినట్లు లోపలి వస్తువుల సాంద్రతను పొరపొరగా లెక్కిస్తుంది. కదిలే బెల్టు మీద ఒక బ్యాగు జారి తన చోటు నుంచి కొంచెం వెనకపడినా కంట్రోల్ వ్యవస్థ దాని ఆచూకీ కోల్పోతుంది. అప్పుడది ‘తనిఖీ కానిది’గా లెక్కకు వచ్చి మళ్లీ మొదటికి పోతుంది. ఉదయం వరసగా విమానాలు బయల్దేరే వేళ ఇలాంటివి పెరిగితే ఫోను మోగేది ఇంజినీరుకే. రాత్రి షిఫ్టులు, పండగ పూట డ్యూటీలు తప్పవని అబ్బాయికి ఇప్పుడే చెప్పండి.

ఈ ఒత్తిడికి కారణం ఉంది. 1985 జూన్ 23న ఎయిరిండియా ‘కనిష్క’ విమానం సామానులో పెట్టిన బాంబు పేలి అట్లాంటిక్ సముద్రంలో కూలిపోగా 329 మంది చనిపోయారు. ఆ బ్యాగు తాలూకు మనిషి విమానం ఎక్కనే లేదు. 1987లో బీసీఏఎస్ స్వతంత్ర విభాగంగా ఏర్పడింది ఈ ఘటన తర్వాతే. 2006 జనవరి 1 నుంచి అంతర్జాతీయ ప్రయాణాల్లో విమానంలో వేసే ప్రతి బ్యాగునూ తనిఖీ చేయాలన్న అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిబంధన అమల్లోకి వచ్చింది. యంత్రం ఆగితే వరుస ఆగుతుంది, వరుస ఆగితే విమానం ఆగుతుంది. అందుకే నిర్వహణ ఒప్పందాల్లో గంటల లెక్కన జరిమానాలు రాసుకుంటారు.

ఇక మీ ఇంటావిడ భయం. ఈ స్కానర్లలో రేడియోధార్మిక పదార్థం ఉండదు, కరెంటు తీస్తే కిరణాలూ ఉండవు, వాటి గుండా వెళ్లిన వస్తువులో ఏదీ మిగిలి ఉండదు. ముంబయిలోని అణుశక్తి నియంత్రణ మండలి ఈ యంత్రాలను నియంత్రిస్తుంది. సామాన్య ప్రజలకు ఏడాదికి 1 మిల్లీసీవర్టు (శరీరానికి అందే వికిరణాన్ని కొలిచే ప్రమాణం), వికిరణంతో పనిచేసేవారికి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు అన్న పరిమితులు మన దేశంలో ఉన్నాయి. మూతలు బిగించి సక్రమంగా నడుస్తున్న స్కానరు పక్కన నిలబడినవారికి అందేది వీటితో పోలిస్తే చాలా స్వల్పం. పేలుడు పదార్థాల ఆనవాళ్లు పసిగట్టే కొన్ని పాత పరికరాల్లో మాత్రం నికెల్-63 అనే రేడియోధార్మిక పదార్థం కొద్దిగా ఉంటుంది, వాటిని విప్పే అధికారం అందరికీ ఉండదు. నిజానికి నేను ఎక్కువగా హెచ్చరించేది కరెంటు గురించి, కదిలే బెల్టు గురించి. ప్యానెల్ తెరిస్తే కిరణాలు ఆగిపోయేలా పెట్టిన ఇంటర్‌లాక్‌ను, పని త్వరగా ముగించాలని వైరు ముక్కతో కలిపేసే అలవాటు ఉన్న సీనియర్లు దొరుకుతారు. అలాంటి పనికి ‘కాదు’ అనగలగడం మీ అబ్బాయి మొదటి నెలలోనే నేర్చుకోవాలి.

ఆఫర్ విషయంలో నా సలహా సూటిగా ఉంటుంది. పిలిచిన సంస్థ యంత్రాన్ని తయారుచేసే కంపెనీయా, దాని అధీకృత సర్వీసు భాగస్వామా, లేక మనుషులను సరఫరా చేసే కాంట్రాక్టరా అన్నది మొదట తేల్చుకోండి. స్మిత్స్ డిటెక్షన్, రాపిస్కాన్, మన దేశపు వీహాంట్ వంటివి తయారీదారులు. హైదరాబాదులో ఈసీఐఎల్-రాపిస్కాన్ అనే ఉమ్మడి సంస్థ ఉంది. మొదటి రెండు రకాలైతే యంత్రం లోపలి విషయాలపై శిక్షణ దొరుకుతుంది, స్పేర్లు చేతికి వస్తాయి. మూడో రకమైతే రెండేళ్లూ బెల్టు తుడవడం, ఫిర్యాదు రాసి పై ఇంజినీరు కోసం ఎదురుచూడడంతో గడిచిపోయే ప్రమాదం ఉంది. బాండు అడగడంలో తప్పు లేదు గానీ, ఏ శిక్షణకు బదులుగా, ఎంత మొత్తానికి, ఏ ఊళ్లో పోస్టింగుతో అన్నవి కాగితం మీద ఉండాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర ఉంచుకుంటామంటే ఒప్పుకోవద్దు. పీఎఫ్ కడతారో లేదో కూడా అడగండి.

మీ బావమరిది సలహాను నేను కొట్టిపారేయను. కాకపోతే దానికి ముందు అబ్బాయిని ఒక్క ప్రశ్న అడగండి: ఫైనలియర్ ప్రాజెక్టు బోర్డు తాను స్వయంగా టంకం వేసి చేశాడా, అమీర్‌పేటలో రెడీమేడ్‌గా కొన్నాడా? మల్టీమీటర్ పట్టుకుని లోపం ఎక్కడుందో కనిపెట్టేదాకా నిద్రపోని స్వభావం అతనిదైతే ఈ ఉద్యోగంలో నిలదొక్కుకుంటాడు, రెండు మూడేళ్లలో పీఎల్‌సీ, నెట్‌వర్కింగ్ కూడా పట్టుబడితే ఇన్‌లైన్ వ్యవస్థల వైపో, ఆసుపత్రి సీటీ యంత్రాల వైపో, ఓడరేవుల్లోని కంటైనర్ స్కానర్ల వైపో వెళ్లగలడు. మెట్రో స్టేషన్లలోనూ, తిరుమలకు వెళ్లే దారిలో అలిపిరి దగ్గరా ఉన్నవి కూడా ఈ కుటుంబపు యంత్రాలే. అలాకాక పుస్తకంలో ఈసీఈ చదివి చేతులకు నూనె అంటనివాడైతే సాఫ్ట్‌వేరే మేలు, ఆ మాట ఒప్పుకోవడంలో నామోషీ లేదు.

ప్రభుత్వ దారి ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా. అందులో ఎలక్ట్రానిక్స్ విభాగపు జూనియర్ ఎగ్జిక్యూటివ్‌లు విమాన మార్గనిర్దేశక పరికరాలతో పాటు ఈ భద్రతా యంత్రాల నిర్వహణ కూడా చూస్తారు. ఇటీవలి నియామకాలు ఇంజినీరింగ్ చదివినవారు రాసే జాతీయ పరీక్ష గేట్ స్కోరు ఆధారంగా జరిగాయి, మూలవేతన శ్రేణి రూ. 40,000 నుంచి 1,40,000, గరిష్ఠ వయసు సాధారణంగా 27 ఏళ్లు. ఇప్పటి ఉద్యోగంలో చేరి, షిఫ్టుల మధ్య గేట్‌కు చదవడం కష్టమే అయినా అసాధ్యం కాదు. ఒక జాగ్రత్త: ‘భోగాపురం కొత్త ఎయిర్‌పోర్టులో సీటు ఇప్పిస్తాం’ అంటూ డబ్బు అడిగే వ్యక్తి ఎవరైనా, ఎంత దగ్గరి బంధువు ద్వారా వచ్చినా, అతనికి ఒక్క రూపాయి కూడా ఇవ్వవద్దు.

మీ అమ్మాయికి ఇదే అథారిటీలో డిప్లొమా అప్రెంటిస్‌షిప్ ఏడాది పాటు దొరుకుతుంది. ఒడిశా తూర్పు ప్రాంతం కిందికి వస్తుంది, దాని కేంద్రం కోల్‌కతా. ఆంధ్రప్రదేశ్ చెన్నై కేంద్రంగా ఉన్న దక్షిణ ప్రాంతం కిందికి వస్తుంది. ఆ ప్రకటనలు ప్రాంతాల వారీగా, స్థానికులను ఉద్దేశించి వస్తాయి కనుక విజయనగరం మేనమామ చిరునామాతో కాక రాయగడ నివాస పత్రంతో తూర్పు ప్రాంతపు ప్రకటనకే దరఖాస్తు చేయించండి. తెలుగు, ఒడియా, హిందీ మూడూ వచ్చిన పిల్లలకు సీఐఎస్ఎఫ్ సిబ్బందితో రోజూ మెలగాల్సిన ఈ చోట్ల పని సులువుగా సాగుతుంది.

చివరిగా, సరిహద్దు జిల్లాల తెలుగు కుటుంబాలకు ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు ఒకటుంది. విమానాశ్రయంలో అడుగు పెట్టాలంటే బీసీఏఎస్ ఇచ్చే ప్రవేశ అనుమతి కావాలి, దానికి పోలీసు విచారణ జరుగుతుంది. మన ఇళ్లలో ఇంటిపేరు ముందు రాస్తాం, ఒడిశా పదో తరగతి సర్టిఫికెట్లో అది చివరికి వెళుతుంది, ఆధార్‌లో పొడి అక్షరంగా మిగులుతుంది, తండ్రి పేరు స్పెల్లింగు మరోలా ఉంటుంది. ఈ తేడాల వల్ల విచారణ నెలల తరబడి నిలిచిపోతే కంపెనీ మీ అబ్బాయిని సైటు మీదికి పంపలేదు. ఉద్యోగంలో చేరే తేదీకి ముందే పదో తరగతి సర్టిఫికెట్‌ను ఆధారంగా పెట్టుకొని ఆధార్, పాన్, బ్యాంకు ఖాతాలను దానికి సరిపెట్టించండి, నోటరీ అఫిడవిట్ ఒకటి తీసుకోండి, గుణుపురంలో హాస్టల్లో ఉన్న కాలపు చిరునామా రుజువు కూడా ఫైల్లో పెట్టి ఉంచండి.