ప్రార్థనకు రాకపోయినా మా ఇంటికి వస్తావా?

సువార్త ఇంతవరకు వినని ఒక మారుమూల సమూహం దగ్గరికి మీ టీమ్ రెండు వారాల పాటు ఉండటానికి వెళ్తోందని, వాళ్లతో స్నేహం ఎలా చేయాలో, ఎన్నో రోజు నుంచి వాక్యం చెప్పాలో తెలియక టెన్షన్‌గా ఉందని రాశారు. నేను అలాంటి ఒక చోటికి ఎనిమిదేళ్లుగా వెళ్తున్నాను. ముందు మేం చేసిన తప్పు చెబుతాను.

మొదటిసారి ఆరుగురం వెళ్లాం. బట్టలు, మందులు, కరపత్రాలు మోసుకెళ్లాం. కరపత్రాలు బయటివాళ్ల భాషలో ఉన్నాయి. వాళ్లు ఇంట్లో మాట్లాడే భాషకు అసలు లిపే లేదు. నాలుగో రోజు ప్రార్థన పెడితే అందరూ వచ్చారు, మాకు కన్నీళ్లు ఆగలేదు. ఆ సాయంత్రమే సంచులు ఖాళీ అయ్యాయి. మర్నాడు ముగ్గురు పిల్లలు మాత్రం వచ్చారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. సువార్తనూ బట్టల మూటనూ కలిపి పంచింది మేమే.

మరుసటి ఏడాది నేనూ ఇంకో సహోదరుడూ ఒక నోటుపుస్తకం, పెన్సిళ్లతో వెళ్లి రెండు నెలలు ఉన్నాం. ఒక పెద్దావిడ ప్రతి వస్తువునూ చూపించి పేరు చెప్పేది. నేను తప్పు పలికితే పిల్లలు పడీపడీ నవ్వేవాళ్లు. మూడో వారం నాకు జ్వరం వచ్చింది. ఆవిడ కొడుకు మూడు రాత్రులు నా పక్కనే కూర్చున్నాడు. నీళ్లు తాగించాడు, తడిగుడ్డ వేశాడు. మా స్నేహం అక్కడ మొదలైంది. వాళ్లకు ఏదో ఇచ్చి రావాలనే చూశాను గానీ, వాళ్ల నుంచి సాయం తీసుకోవడం అప్పటిదాకా నాకు రాలేదు.

తర్వాత ఒకరోజు అతను సూటిగా అడిగాడు: "నేను మీ ప్రార్థనకు రాకపోయినా మా ఇంటికి వస్తావా?" వస్తానన్నాను. అతను రాలేదు, నేను మానలేదు. మీరు బయలుదేరే ముందు టీమ్‌లో ప్రతి ఒక్కరూ ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకోవాలి. అలాంటివాళ్ల ఇంటికి రానని జవాబిచ్చినవాళ్లను తీసుకెళ్లకండి.

అలాగని మీరెవరో దాచొద్దు. ఏదో చూడటానికి వచ్చాం అని చెప్పి పదో రోజు బైబిలు తీస్తే మోసపోయామని అనుకుంటారు, అది న్యాయమే. యేసును నమ్మినవాళ్లమని, వినాలనిపిస్తే చెబుతామని మొదటి రోజే అక్కడి పెద్దలకు చెప్పండి.

రెండు వారాల్లో ఫలితం కావాలని పైవాళ్లు ఒత్తిడి పెడితే పాత సేవకుల సంగతి గుర్తుచేయండి. విలియం కేరీ 1793లో బెంగాల్ చేరాడు. ఆయన చేతి మీదుగా మొదటి బెంగాలీ బాప్తిస్మం 1800 డిసెంబరులో జరిగింది. జడ్సన్ దంపతులు 1813లో బర్మా వెళ్తే మొదటి విశ్వాసి బాప్తిస్మం 1819లో. ఇక దక్షిణ అమెరికాలోని ఈక్వెడార్‌లో 1956 జనవరిలో వావొరానీ అనే అడవి తెగ ప్రజల చేతిలో ఐదుగురు మిషనరీలు చనిపోయారు. చనిపోయినవాళ్లలో ఒకరి అక్క రేచల్ సెయింట్, ఇంకొకరి భార్య ఎలిజబెత్ ఎలియట్ 1958లో ఆ ప్రజల మధ్యకే వెళ్లి ఉన్నారు. ఆ తలుపు తెరిచింది దయూమా అనే వావొరానీ స్త్రీ. రేచల్ అంతకుముందే ఆమె దగ్గర భాష నేర్చుకుంటోంది. చదివిన ప్రతిసారీ నా మనసు ఆ దయూమా దగ్గరే ఆగిపోతుంది.

ఒక హెచ్చరిక. చట్టం వద్దన్న చోటికి, రావద్దని ప్రజలే చెప్పిన చోటికి వెళ్లకండి. 2018లో అండమాన్‌లో బయటివాళ్లు వెళ్లకూడని ఉత్తర సెంటినెల్ దీవికి వెళ్లిన అమెరికన్ యువకుడు ప్రాణం పోగొట్టుకున్నాడు, తీసుకెళ్లిన జాలర్లు అరెస్టయ్యారు. బయటివాళ్లతో కలవని సమూహాలకు మన మామూలు జలుబు కూడా ప్రాణం మీదికి తేవచ్చు. మీ చోటు అలాంటిది కాకపోయినా, టీమ్‌లో ఎవరికైనా దగ్గు, జ్వరం ఉంటే ఆపేయండి. అడగకుండా పిల్లల ఫొటోలు తీయొద్దు. మళ్లీ వస్తామని ఊరికే మాటివ్వొద్దు. ఇప్పటికే అక్కడ ఉంటున్న సేవకులుంటే ఆ రెండు వారాలూ వాళ్లు చెప్పిన పని చేయండి, చాలు.

నా స్నేహితుడు ఇప్పటికీ బాప్తిస్మం తీసుకోలేదు. అతని కోసం రోజూ ప్రార్థిస్తాను, ఆ సంగతి అతనికీ తెలుసు. పోయినసారి అడవి అవతల ఉన్న వాళ్ల బంధువుల దగ్గరికి నన్ను తనే వెంటబెట్టుకెళ్లాడు. "ఇతను మనవాడే. తన దేవుడి గురించి చెబుతాడు. వినడం ఇష్టం లేకపోతే చెప్పండి, ఆపేస్తాడు" అన్నాడు. చీకటి పడేదాకా వాళ్లు నన్ను ఆపమనలేదు.