సోలోగా సైకిల్ మీద లాంగ్ టూర్ వెళ్తే ఒక రోజు ఎలా గడుస్తుంది?

కిలోమీటర్లు ఎన్ని, తిండి ఎలా, భయం వేయదా అని అడిగారు కదా, నేను హైదరాబాద్ నుంచి బెంగళూరుకి ఒక్కడినే వెళ్ళినప్పటి మూడో రోజు చెప్తాను. కర్నూలు నుంచి అనంతపురం, దాదాపు 145 కి.మీ. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా పోయే 44వ నంబర్ హైవే అది, మన పెద్దవాళ్ళకి ఇంకా ఏడో నంబర్ రోడ్డే.

నేను వెళ్ళింది జులైలో. ఎండలు తగ్గాయి, వానలు గట్టిగా పట్టలేదు, ఇదే మంచి టైమ్ అనుకున్నా. సీమలో ఆషాఢం గాలి అంటే ఏంటో నాకు తెలీదు అప్పటికి.

నాలుగింటికి లేచి, రాత్రి నానబెట్టిన అటుకులు అరటిపండుతో తినేసి, రెండు బాటిళ్ళు నింపుకుని (ఒకదాంట్లో ఓఆర్ఎస్) అయిదు కాకముందే రోడ్డెక్కా. ముందు లైటు, వెనక ఎర్ర బ్లింకర్, రిఫ్లెక్టర్ జాకెట్, ఈ మూడూ లేకుండా చీకట్లో హైవే మీదకి అస్సలు వెళ్ళకండి. ఆ గంటన్నర మాత్రం అద్భుతం అండి, గాలి లేదు, లారీలు తక్కువ, చైన్ తిరిగే చప్పుడు తప్ప ఇంకేం వినపడదు. ఎనిమిదింటికల్లా డోన్ చేరిపోయా, అంటే యాభై పైన అయిపోయాయి. అక్కడ ఉగ్గాని, మిరపకాయ బజ్జి. బొరుగులు నానబెట్టి, నీళ్ళు పిండేసి, తాలింపు పెట్టి, పైన పుట్నాల పొడి వేసిన ఉగ్గాని సైకిల్ తొక్కేవాడికి ఇడ్లీ కన్నా మంచిది, కడుపులో బరువుండదు, ఉప్పు కారం ఒంటికి పడతాయి. రెండు ప్లేట్లు తిన్నా.

డోన్ దాటాక ప్యాపిలి వైపు రోడ్డు ఎత్తెక్కుతుంది, అప్పుడే తొమ్మిదిన్నర ఆ ప్రాంతంలో గాలి మొదలైంది. మొదట నా కాళ్ళే అలిసిపోయాయి అనుకున్నా, దిగి బ్రేక్ ఏమన్నా రాసుకుంటుందా అని చక్రం తిప్పి చూశా, బానే ఉంది. తర్వాత కొండల మీద గాలిమరలు కనిపించాయి, అన్నీ నాకు వీపు చూపిస్తున్నాయి. గాలిమర ఎప్పుడూ గాలికి ఎదురు తిరిగి నిలబడుతుంది, అంటే మనం వెళ్ళే దారిలో వాటి వీపులు కనపడుతున్నాయంటే మనకి ఎదురుగాలే. ఆ మాట తట్టాక కొంచెం మనసు కుదుటపడింది, తప్పు నా కాళ్ళది కాదని.

సోలోకీ గ్రూప్‌కీ అసలు తేడా ఇక్కడే ఉంది అని నా అభిప్రాయం. గ్రూప్‌లో అయితే ఒకళ్ళ వెనక ఒకళ్ళం నక్కి వెళ్తాం, ముందువాడు గాలి కోస్తాడు, పది నిమిషాలకోసారి మారతాం, వెనకవాడికి పావు వంతు శ్రమైనా తగ్గుతుంది. ఒక్కడివే అయితే గాలంతా నీ ఛాతీ మీదే. చదును రోడ్డు మీద 22లో వెళ్ళేవాడిని 12కి వచ్చేశా, దిగుడులో కూడా తొక్కాల్సి వచ్చింది. అప్పుడు స్పీడ్ చూడటం మానేసి, గేర్ తగ్గించి, హ్యాండిల్ మీదకి వంగి, వచ్చే కిలోమీటరు రాయి ఒక్కటే చూసుకుంటూ వెళ్ళా.

గుత్తి చేరేసరికి పదకొండున్నర. పప్పన్నం తిని, చెట్టు కింద బ్యాగ్ తలకింద పెట్టుకుని రెండు గంటలు పడుకున్నా. ఎదురుగా గుత్తి కోట. అప్పటి మద్రాసు గవర్నర్ మన్రో దొర కూడా 1827లో ఇలాగే జులైలో ఈ జిల్లాలు తిరుగుతూ పత్తికొండలో కలరాతో పోతే ముందు ఇక్కడే పూడ్చారు, తర్వాత మద్రాసుకి తీసుకెళ్ళారు. ఎప్పుడో చదివింది ఆ చెట్టు కింద గుర్తొచ్చింది.

గుత్తి దాటాక వెనక చక్రం పంచర్. హైవే అంచున లారీ టైర్లు పేలినప్పుడు ఊడిన సన్నటి ఇనప తీగలు పడుంటాయి, వెంట్రుకంత ఉంటాయి, కంటికి ఆనవు. ట్యూబ్ మార్చేస్తే సరిపోదు, తీగ టైర్లోనే ఉంటే కొత్త ట్యూబ్ కూడా పోతుంది. బొటనవేలితో టైర్ లోపల నిదానంగా తడుముతూ పోతే ఒకచోట చురుక్కుమంది, గోళ్ళ కట్టర్‌తో పట్టి లాగితే బియ్యపు గింజంత ముక్క బయటికొచ్చింది. ఆ కట్టర్ ఎప్పుడూ టూల్ కిట్‌లో పెట్టుకోండి, పంప్ ఎంత ముఖ్యమో అదీ అంతే.

పక్కనే ఎర్ర చేను, దుక్కి దున్ని ఉంది, విత్తనం పడలేదు. గట్టు మీద కూర్చున్న ఒక అవ్వ నా దగ్గరకొచ్చి "యాడికి పోతాండావు నాయినా, ఒక్కనివేనా" అని, సొరకాయ బుర్రలో నీళ్ళు పోసింది. గాలి బాగా ఉందవ్వా అన్నాను. "ఈ గాలికి మోడం యాడ నిలుస్తాది, శనక్కాయ ఇత్తనం ఇంట్లోనే ఉండాది" అంది ఆకాశం చూస్తా. మోడం అంటే మబ్బు. నాకు అది ఒక రోజు గాలి, ఆమెకి ఏడాది పంట. డబ్బులివ్వబోతే చెయ్యి వెనక్కి నెట్టేసింది.

పామిడి దగ్గర పెన్న మీద బ్రిడ్జి దాటా, కింద అంతా ఇసకే. అక్కణ్ణుంచి ఇంకో పాతిక కిలోమీటర్లు. అనంతపురంలోకి వచ్చేసరికి ఏడు కావస్తోంది, లైట్లు వేసేశారు. లాడ్జిలో కింద గది అడిగి సైకిల్ లోపలికే తెచ్చుకున్నా, స్నానం, బట్టలు ఉతకడం, చైన్ తుడిచి నూనె చుక్కలు వేయడం, అమ్మకి ఫోన్. అంతే, తొమ్మిదికి నిద్ర.

భయం సంగతంటే, మనుషుల వల్ల నాకు ఒక్కసారి కూడా కలగలేదు, వెనక నుంచి దగ్గరగా వచ్చే బస్సులంటే మాత్రం ఇప్పటికీ భయమే, చిన్న అద్దం ఒకటి హ్యాండిల్‌కి బిగించుకోండి. ఇదే రూట్ అయితే డిసెంబర్, జనవరిలో వెళ్ళండి, గాలి ఈశాన్యం నుంచి వస్తుంది కాబట్టి వీపు మీద ఉంటుంది. జులైలోనే వెళ్ళాలంటే నాలుగో రోజు నేను చేసినట్టు నాలుగుంపావుకే బయల్దేరి, తొమ్మిదికల్లా ఆ రోజు దూరంలో సగం లాగించేయండి.