కార్లు మాట్లాడే ముందు ముహూర్తం చూడు

చి.ల.సౌ. మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

ఉండవల్లి కరకట్ట పక్కన, కృష్ణ ఒడ్డున పెళ్ళి అనుకున్నారని అక్కయ్య చెప్పింది. సంతోషం. అయితే బెంగళూరు నుంచి వచ్చే నీ స్నేహితులకూ, హైదరాబాద్ నుంచి వచ్చే మగపెళ్ళివారికీ సెల్ఫ్ డ్రైవ్ కార్లు చూపిస్తే ఎవరి దారిన వాళ్ళు వస్తారన్నావట. అది మాత్రం కుదరదు. మీ ముహూర్తం రాత్రి 1.42కు. తలంబ్రాలు, అరుంధతి దర్శనం అన్నీ అయ్యేసరికి తెల్లవారుతుంది. నిద్ర లేని కుర్రాళ్ళు, అలవాటు లేని కారు, పక్కనే నది ఉన్న ఇరుకు రోడ్డు. పెళ్ళి రాత్రి అందరికీ డ్రైవరున్న బండ్లే పెట్టు. సెల్ఫ్ డ్రైవ్ సరదా ఏదైనా ఉంటే మరునాడు, కడుపునిండా నిద్రపోయి లేచాక.

బండి మాట్లాడేటప్పుడు అందరూ కిలోమీటరుకు ఎంత అని అడిగి ఊరుకుంటారు. జేబుకు చిల్లు పడేది అక్కడ కాదు. చాలామంది ట్రావెల్స్ వాళ్ళ లెక్కలో రోజంటే అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి వరకు. సాయంత్రం 4 గంటలకు ఎక్కి తెల్లవారి 6 గంటలకు దిగినా రెండు రోజుల అద్దె, రెండు రోజుల కనీస కిలోమీటర్లు, ఆ పైన రాత్రి బత్తా. రాత్రి ముహూర్తాలు ఎక్కువగా ఉండే మన వైపు, ట్రావెల్స్ వాళ్ళకు ఇంతకన్నా ఏం కావాలి? అందుకని ఎక్కిన గంట నుంచి 24 గంటలు ఒక రోజు అని ముందే ఒప్పించి, వాట్సాప్‌లో రాయించుకో. మీటరు వాళ్ళ షెడ్డు నుంచి షెడ్డుకా, మనం ఎక్కిన చోటి నుంచా అన్నదీ, టోలు, పార్కింగ్ ఎవరు కట్టాలన్నదీ అందులోనే ఉండాలి. నోటిమాటగా వదిలేస్తే పెళ్ళి మర్నాడు బేరం మళ్ళీ మొదలవుతుంది.

డ్రైవర్లను ఆఖరి పంక్తి వరకు ఆపడం మన పెళ్ళిళ్ళలో నాకు బొత్తిగా నచ్చని పద్ధతి. మొదటి పంక్తిలోనే భోజనం పెట్టించి, ఫ్యాను ఉన్న గదిలో నాలుగు చాపలు వేయించు. రాత్రి 9 నుంచి 2 వరకు పడుకున్న మనిషే తెల్లవారుజామున మీ అత్తగారిని క్షేమంగా హోటలుకు చేర్చగలడు.

ఇక దిగే చోట్లు. విమానాల వాళ్ళతో చిక్కు లేదు, గన్నవరం విమానాశ్రయం నుంచి విజయవాడ ఊళ్ళోకి 20 కిలోమీటర్లు. రైళ్ళతోనే జాగ్రత్త. సికింద్రాబాద్ నుంచి విశాఖ వెళ్ళే వందే భారత్ విజయవాడలో ఆగుతుంది. తిరుపతి వెళ్ళేది నల్గొండ మీదుగా గుంటూరు వస్తుంది, విజయవాడ రాదు. అందులో వచ్చేవాళ్ళకు గుంటూరుకే బండి పంపాలి. రిజర్వేషన్ 60 రోజుల ముందు మొదలవుతుంది, తేదీ గుర్తుపెట్టుకోమను. విజయవాడ స్టేషన్‌కు ప్రధాన ద్వారం కాక తారాపేట వైపు కూడా దారి ఉంది. చుట్టాలు ఒక వైపు, డ్రైవరు మరో వైపు నిలబడి ఫోన్లలో అరుచుకోవడం ఇక్కడ రోజూ కనిపించేదే. ఎటు రావాలో టికెట్ తీసిన రోజే చెప్పు.

మగపెళ్ళివారు బస్సు వేసుకుని వస్తామంటే ఒక సంగతి చెప్పాలి. ప్రకాశం బ్యారేజీ మీదికి భారీ వాహనాలను రానివ్వరు. బస్సు కనకదుర్గ వారధి దాటి తాడేపల్లి వైపు నుంచి రావాలి. బస్సుకు ఫోన్‌లోని మ్యాపు చూపించే దగ్గర దారిని నమ్ముకోవద్దు. సొంత కార్లలో వచ్చేవాళ్ళు బ్యారేజీ మీదుగా రావచ్చు. కానీ భవానీపురం దాటాక దుర్గగుడి ఫ్లైఓవర్ ఎక్కారంటే బ్యారేజీని దాటి ముందుకు వెళ్ళిపోతారు. కింది రోడ్డు పట్టుకోవాలి.

సామాన్ల లెక్క కూడా చూడు. ఏడు సీట్ల ఎర్టిగాలో ఏడుగురు కూర్చుంటే పెట్టెలకు చోటుండదు. అమెరికా నుంచి తలా రెండు పెద్ద పెట్టెలతో దిగేవాళ్ళకు ఇన్నోవాలో నలుగురే అనుకో.

మరునాడు సెల్ఫ్ డ్రైవ్ తీసుకునేవాళ్ళు ముందు నంబరు ప్లేటు చూడాలి. నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుంటేనే అది అద్దెకు ఇవ్వడానికి అనుమతి ఉన్న బండి. తెల్ల ప్లేటున్న సొంత కారు చవగ్గా ఇస్తామన్నా వద్దను, ప్రమాదం జరిగితే బీమా వాళ్ళు చేతులెత్తేయవచ్చు. తీసుకునేటప్పుడు చుట్టూ తిరిగి వీడియో తీయాలి. గీతలు, స్టెప్నీ, పెట్రోలు ముల్లు, మీటరు అన్నీ కనబడాలి. ఫాస్టాగ్‌లో డబ్బు ఉందో లేదో అప్పుడే అడగాలి. అమెరికా లైసెన్సు ఉన్నవాళ్ళు అక్కడి నుంచే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తెచ్చుకోవాలి. అద్దె కారుకు మాత్రం పూలు అంటించనివ్వకు. టేపు పీకితే రంగు లేస్తుంది, అక్షింతల పసుపు సీటుకు అంటితే వదలదు, రెండూ డిపాజిట్ నుంచి కోస్తారు. పూలకారు మన ఇంటిదే ఉంది.

పానకాల స్వామిని చూడాలనుకునేవాళ్ళు మంగళగిరికి పొద్దున్నే వెళ్ళాలి, మధ్యాహ్నం దాటాక కొండ మీది గుడి మూసేస్తారు.

వచ్చేవాళ్ళ పేర్లు, రైలు లేదా విమానం నంబరు, దిగే వేళ, పెట్టెలు ఎన్ని అన్నది ఒక కాగితం మీద రాసి ఫోటో తీసి పంపు. బండ్ల సంగతి అంతా ఒక్కడి చేతిలోనే ఉండాలి, డ్రైవర్లకు నీ నంబరు ఎవరూ ఇవ్వకూడదు. ఎవరిని పెట్టాలో నీకు తోచకపోతే మీ అన్నయ్యను పెడదాం, వాడికి పెళ్ళిలో వేరే పనేమీ లేదు.

మీ మామయ్య